నోటి మాట నుండి చేతి వ్రాతకు

కొంతకాలం క్రిందట ఒక పరీక్షలో ‘మీ ఊరి మంచినీటి సమస్య’ను గూర్చి వ్యాసం వ్రాయమన్నాను. నలభై ఉత్తరపత్రాలు వచ్చినవి. ఇంచుమించు అన్నీ ‘నీరు ప్రాణాధారము’ అనియే ప్రారంభమైనవి. ఏ ఒక్కదానిలోను ఊరి పేరు లేదు. తరువాత ఒక అమ్మాయిని పిలిచి, “మీ ఊళ్ళో కొళాయి ఎప్పుడు వస్తుందమ్మా?” అని అడిగినాను. కొళాయి వచ్చే వేళ, బిందెల వరుస, బోరు చెడితే పంచాయతీకి ఎవరు వెళ్ళినారో, ఏమని జవాబు వచ్చినదో పది నిమిషాలు ధారాళంగా చెప్పినది. “ఇదంతా వ్రాయలేదేమమ్మా?” అన్నాను. “అది మా ఊరి మాటండి మాస్టారూ, రాస్తే బాగోదు కదండీ!” అన్నది.

ఆ జవాబులోని దోషం పిల్లది కాదు, మనది.

ఈ సమస్య మన సీమకు క్రొత్తది కాదు. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరంలో ఆయనకు సహాధ్యాయులైన గురజాడ అప్పారావుగారు భాషను గూర్చి వాదించినది ముఖ్యంగా బడిపిల్లల పక్షాననే. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘం నివేదికపై గురజాడవారు 1914లో అసమ్మతి పత్రం సమర్పించినారు. విద్యార్థి తనకు వచ్చిన భాషలో వ్రాయవలెననుటే దాని సారాంశం. నేడు గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వాడుకభాష గెలిచినది, కాని కళింగాంధ్ర బాలుని పలుకుకు బెరుకు తీరలేదు.

ఆ బెరుకు తీర్చుటకు నేడొక సాధనం చేతికి వచ్చినది. అది పాడ్‌కాస్ట్. 2004లో పుట్టిన ఈ మాటకు అర్థం సులభమే: ఫోనులో పలికి భద్రపరచిన ప్రసంగాన్ని శ్రోత తన తీరికవేళ వినుట. పిల్లల గొంతుకు వేదిక కల్పించుట తెలుగువారికి తెలియని విద్య కాదు. బరంపురంలో 1905లో జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు రేడియో అన్నయ్యగా, కామేశ్వరిగారు రేడియో అక్కయ్యగా మద్రాసు ఆకాశవాణిలో పిల్లలచేతనే మాట్లాడించినారు, పాడించినారు. నాడు దానికి పెద్ద కేంద్రం కావలసివచ్చినది. నేడు ఉపాధ్యాయుని జేబులోని ఫోను చాలును.

పౌరశాస్త్ర పాఠంలో రాజ్యాంగపు 19వ అధికరణం వాక్స్వాతంత్ర్యమిచ్చినదని వల్లె వేయిస్తాము. ప్రశ్నించే తత్త్వాన్ని పెంపొందించుకొనుట పౌరుని విధి అని 51ఎ అధికరణం చెప్పుతున్నది. ఈత గూర్చి ఎంత చదివినా నీటిలో దిగనిదే ఈత రాదు గదా! నలుగురైదుగురు పిల్లలు ఒక ప్రశ్న తీసుకొని సర్పంచును, రైతును, ఆశా కార్యకర్తను అనుమతితో అడిగి, వారి మాటలు ఫోనులో పట్టి, పది నిమిషాల ప్రసంగంగా కూర్చితే ఆ అధికరణాలకు ప్రాణం వస్తుంది.

అయితే నోటికి వచ్చినదంతా అభిప్రాయం కాదు. కన్నది, అనుకొన్నది, కోరినది అని మూడు గళ్ళు గీయించండి. ఉద్దానం మూత్రపిండాల వ్యాధినే తీసుకొందాము. ‘మా వీధివారు డయాలసిస్‌కు వెళ్ళుతున్నారు’ అన్నది కన్నది. ‘నీరే కారణం’ అన్నది అనుకొన్నది. ఏళ్ళ తరబడి పరిశోధించినా వైద్యులు ఒక్క కారణాన్ని నిశ్చయించలేదు. ‘ప్రతి ఊరికి శుద్ధజలం అందవలె’ అన్నది కోరినది. ఈ మూటినీ వేరుచేయగల బాలుడు రేపు పుకారును నమ్మడు. నాయకుని ఉపన్యాసానికి లొంగిపోడు.

ఇక వ్రాత. పలికిన దానిని మరల వినిపించి, ఉన్నదున్నట్లు కాగితంపై పెట్టించవలె. పలికేటప్పుడు యాసను దిద్దరాదు. పిమ్మట తన వాదం, దానికి ఆధారం, ఎదుటివాని మాట, దానికి సమాధానం అనే వరుసలో వ్యాసం కూర్చమనవలె. అప్పుడు దిద్దవలసినది తర్కాన్ని. ఆ తరువాతనే వర్ణక్రమాన్ని. పిల్లల పేర్లు, ఇళ్ళ గుట్లు బయటికి పోకుండ చూచుట, తల్లిదండ్రుల సమ్మతి పొందుట మన బాధ్యత. ప్రసంగం తరగతి గడప దాటకపోయినా ప్రయోజనం తగ్గదు.

కొళాయి కథ చెప్పిన ఆ అమ్మాయికి విషయం తెలుసు, వాదం తెలుసు, భాషా వచ్చును. లేనిదల్లా తన మాట వ్రాతకు తగునన్న ధైర్యం. ఆ ధైర్యం మార్కుల పట్టికలో కనబడదు; పంచాయతీ సభలో లేచి నిలిచిననాడు కనబడుతుంది.