ఒంట్లో బాగున్నా పరీక్ష ఎందుకు?

"నాకేం రోగం? తింటున్నా, తిరుగుతున్నా. దవాఖానాకు ఎందుకు పోవాలి?"

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు ఊళ్ళల్లో వయసు మీరిన ఆడవాళ్ళు ఈ మాట అంటుంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. మిర్చి ఏరే రోజుల్లో ఒక పూట పోతే ఆ పూట కూలి పోతుంది. తునికాకు కోత ఏడాదికి కొద్ది రోజులే. బస్సు చార్జీ కావాలి. ఇంకో భయం కూడా ఉంది. "లేని రోగం ఉందంటారేమో!"

అయినా, ఒంట్లో బాగున్నప్పుడే చేయించుకోవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. అవి ఏవి? ఎందుకు? తెలుసుకుందాం.

చప్పుడు చేయని జబ్బులు

జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. పన్ను పుచ్చితే నొప్పి పెడుతుంది. కానీ కొన్ని జబ్బులు చప్పుడు చేయవు. బీపీ అలాంటిది. షుగర్ కూడా అంతే.

గుండె రక్తాన్ని నెడుతుంది. ఆ రక్తం నాళాల గోడలను ఒత్తుతుంది. ఆ ఒత్తిడే బీపీ. వయసు పెరిగే కొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి. బీపీ పెరుగుతుంది. ఏళ్ళ తరబడి నొప్పి ఉండకపోవచ్చు. ఒకరోజు హఠాత్తుగా కాలూ చెయ్యీ పడిపోవచ్చు. అదే పక్షవాతం. "గాలి సోకింది" అనుకుంటారు. అది గాలి కాదు. మెదడుకు రక్తం అందక వచ్చిన జబ్బు.

షుగర్ సంగతి చూద్దాం. మనం తిన్న తిండి అరిగి, చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ అనే రసం దాన్ని ఒంటికి అందిస్తుంది. ఆ రసం చాలకపోయినా, సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. మెల్లగా కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలు చెడతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు త్వరగా మానదు.

వానలు పడకముందే మనం ఇంటి కప్పు చూసుకుంటాం. గడ్డి పలచబడిన చోట కప్పుకుంటాం. కారడం మొదలయ్యాక ఎక్కితే తడుస్తాం. పరీక్ష కూడా అంతే.

చీటీ చదవండి

బీపీ చూసినప్పుడు చీటీ మీద రెండు అంకెలు రాస్తారు. 120/80 ఉంటే మంచిది. 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే బీపీ ఎక్కువైనట్టు. ఒక్కసారి చూసి తేల్చరు. ఇంకో రోజు మళ్ళీ చూస్తారు.

పరగడుపున రక్తంలో షుగర్ 126 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బు అని అనుమానించాలి. దీన్ని కూడా మరోసారి చూసి ఖాయం చేస్తారు.

ఈ అంకెలు ఇప్పుడు మీరే చదవగలరు. చీటీని పారేయకండి. దాచుకుని తర్వాతి సారి తీసుకెళ్ళండి. పోయినసారి ఎంత, ఇప్పుడు ఎంత అని పోల్చి చూడండి. మందులు మొదలుపెడితే, "బాగానే ఉంది కదా" అని మీ అంతట మీరు మానకండి. మందు వేసుకోబట్టే బాగుంది.

కంటి చూపు

"వయసు మీద పడింది, చూపు తగ్గింది" అని ఊరుకుంటాం. కంట్లో శుక్లం వస్తే చూపు మసకబారుతుంది. చిన్న ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. దగ్గరి అక్షరం కనపడకపోతే కళ్ళద్దాలు చాలు.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టింది. ఊరూరా కంటి పరీక్షలు చేశారు. అద్దాలు ఉచితంగా ఇచ్చారు. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనే మొదలైంది. తమకు చూపు తగ్గిందని చాలామందికి అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లు

గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వస్తుంది. అది ఒక్క రోజులో రాదు. ఒక వైరస్ చేరి, చాలా ఏళ్ళకు క్యాన్సర్‌గా మారుతుంది. ఆ మధ్యలోనే కనిపెడితే ఆపవచ్చు.

పరీక్ష చిన్నది. వెనిగర్ లాంటి పులుపు నీళ్ళను దూదితో అక్కడ అద్దుతారు. తేడా ఉంటే నిమిషంలో తెల్లమచ్చ కనపడుతుంది. మచ్చ కనపడితే క్యాన్సర్ అని కాదు. ఇంకా చూడాలి అని అర్థం.

ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998లో బస్తీల్లో ఈ పరీక్ష మొదలుపెట్టారు. దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి చూశారు. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, నేర్పించిన ఆడ కార్యకర్తలు. ఫలితం 2013లో చెప్పారు. పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్ చావులు నూటికి 31 వంతులు తగ్గాయి.

రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదని ఊరుకోవద్దు. ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడితే శిబిరం కోసం చూడవద్దు. వెంటనే దవాఖానాకు వెళ్ళాలి. చుట్ట, బీడీ, గుట్కా, పొగాకు అలవాటు ఉన్నవాళ్ళు నోట్లో మానని పుండు, తెల్లమచ్చ చూపించుకోవాలి.

మరి భయం ఎందుకు?

మన ప్రాంతంలో భయానికి కారణం ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక పథకం జరిగింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ దాన్ని నడిపింది. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని తేలింది. 2010లో పథకం ఆపేశారు.

2013లో పార్లమెంటు కమిటీ ఆ అనుమతి కాగితాల లెక్క బయటపెట్టింది. 9,543 కాగితాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పిల్ల ఎవరిది? సంతకం ఎవరిది?

ఈ సంగతి నుంచి ఏం నేర్చుకోవాలి? పరీక్షలు మానుకోవాలని కాదు. అడిగి తెలుసుకుని చేయించుకోవాలని.

ఇవి అడగండి

ఇది ఏ పరీక్ష? ఎందుకు?
చేసేది ఎవరు? ఆడ నర్సు ఉంటుందా?
తేడా ఉంటే తర్వాత ఎక్కడికి పోవాలి? ఖర్చు ఎవరిది?
ఈ కాగితం మీద ఏం రాసి ఉంది?

చదవకుండా సంతకం పెట్టవద్దు. అర్థం కాకపోతే చదివి చెప్పమనండి. వద్దు అనే హక్కు కూడా మీకు ఉంది.

ఎప్పుడు? ఎక్కడ?

30 ఏళ్ళు దాటినవాళ్ళు ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్ష అయిదేళ్ళకు ఒకసారి చేయించుకోవాలి. ఇది ప్రభుత్వం పెట్టిన లెక్క. ఆశ కార్యకర్తను, ఏఎన్ఎమ్మును అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలకు డబ్బు అక్కర్లేదు. వేలకు వేలు పోసి "ఒళ్ళంతా పరీక్ష" చేయించుకోనక్కర్లేదు.

ఒక్కరే పోవడానికి జంకుగా ఉంటే అత్తా కోడలు కలిసి పోండి. సంఘం వాళ్ళంతా ఒక రోజు అనుకుని పోండి. కూలి పోతుందన్న మాట నిజమే. కానీ కాలూ చెయ్యీ పడిపోతే పోయేది ఒక పూట కూలి కాదు.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళు ఎందరు? బీపీ చూపించుకున్నవాళ్ళు ఎందరు?
2. ఒక చీటీ మీద 150/96 అని ఉంది. దాని అర్థం ఏమిటి? ఏం చేయాలి?
3. మీరు ఎప్పుడైనా చదవకుండా వేలిముద్ర వేశారా? ఇప్పుడైతే ఏం చేస్తారు?