స్క్రూ తల ఎందుకు పోతుంది?

మణికొండ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఈ నెల నన్ను ఇంకో విషయం మీదికి పోనివ్వలేదు. ఆయన తోడల్లుడు పుప్పాలగూడ వైపు కొత్త ఫ్లాట్ కొన్నాడట. "గృహప్రవేశానికి వెయ్యి నూట పదహార్లు చదివించే బదులు, ఆ డబ్బుతోనే మంచి స్క్రూడ్రైవర్ సెట్ ఇద్దామనుకుంటున్నానండీ. నలభై ముక్కల పెట్టె ఎంతకు వస్తోందో, ఒక్కోచోట నాలుగే ఉన్న సెట్టు కూడా అంతే పలుకుతోంది. మంచిదేదో తెలిసేదెలా?" అని అడిగారు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ముక్కల లెక్క వదిలేయండి, మొన చూడండి. ఎందుకంటే స్క్రూడ్రైవర్ చేసే పనంతా దాని చివర మూడు నాలుగు మిల్లీమీటర్లలోనే జరుగుతుంది. అక్కడేం జరుగుతుందో ఒకసారి తెలిస్తే, జీవితంలో మళ్లీ ఎవరినీ అడగకుండా మీరే ఎంచుకోగలరు. అందుకే ఈ వ్యాసంలో సింహభాగం ఆ మొనకే.

ముందుగా కాస్త లెక్క. పిడి వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. చేతి పట్టుతో పిడి అంచు మీద దాదాపు 20 కిలోల బలం పెట్టారు. అంటే మెలితిప్పే బలం 3 న్యూటన్ మీటర్లు. మొన దగ్గర లోహం లోహాన్ని తాకేది కేంద్రం నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల దూరంలో. కాబట్టి అక్కడ పడే బలం 1500 న్యూటన్లు, అంటే ఇంచుమించు 150 కిలోల బరువు! బియ్యపుగింజంత లోహం మీద ఆరు బియ్యం బస్తాల భారం పడుతోందన్నమాట. స్క్రూడ్రైవర్ మొన మామూలు ఇనుముతో ఎందుకు చెయ్యకూడదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఈ లెక్కలో స్క్రూడ్రైవర్ పొడవు ఎక్కడా రాలేదు, గమనించారా? పొడుగు స్క్రూడ్రైవర్‌కు బలం ఎక్కువని చాలామంది నమ్ముతారు. కడ్డీ పొడవు మెలిబలాన్ని పెంచదు. పెంచేది పిడి లావు. పొడుగుదానితో చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా మొన తక్కువగా ఒరుగుతుంది, దాని లాభం అంతవరకే.

జారడం వెనక కోణం

ఇక అసలు విషయానికి వద్దాం. ప్లస్ గుర్తు గుంట ఉన్న స్క్రూను గట్టిగా తిప్పుతుంటే స్క్రూడ్రైవర్ పైకి లేచి, టక్కున జారి, గుంట అంచుల్ని చెక్కేస్తుంది. నాలుగుసార్లు అలా జరిగితే "స్క్రూ తల పోయింది సార్, డ్రిల్లు పెట్టాలి" అంటాడు కార్పెంటర్. తప్పు మన చేతిదని, బలం చాలలేదని అనుకుంటాం. నిజానికి మనం పెట్టిన బలమే దాన్ని బయటికి తోసింది.

ఆ గుంటను భూతద్దంతో చూడండి. దాని గోడలు నిట్టనిలువుగా ఉండవు. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. వాలుగా ఉన్న గోడను పక్కకు నెడితే ఆ గోడ తిరిగి నెట్టే బలం రెండుగా చీలుతుంది. ఒకటి అడ్డంగా పనిచేసి స్క్రూను తిప్పుతుంది. రెండోది నిలువుగా పనిచేసి స్క్రూడ్రైవర్‌ను పైకి ఎత్తుతుంది. తడి సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎగిరిపోయేది ఈ సూత్రం మీదే. నొక్కుడు పెరిగేకొద్దీ గింజ ఇంకా దూరం పోతుంది, అవునా?

మరి ప్రతిసారీ ఎందుకు జారదు? ఘర్షణ ఆపుతుంది. ఇక్కడ చక్కని సరిహద్దు ఒకటుంది. ఉక్కుకు ఉక్కుకు మధ్య ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, సుమారు 11 డిగ్రీల వాలు వరకు ఘర్షణే గెలుస్తుంది. వాలు అంతకు మించితే, పైనుంచి మన చేత్తో అదిమితే తప్ప మొన నిలవదు. ఉదాహరణకు గోడ వాలు 8 డిగ్రీలు అనుకోండి. పొడిగా ఉన్నప్పుడు ఎంత తిప్పినా మొన కదలదు. అదే గుంటలో నూనె జిడ్డు చేరితే? గుణకం 0.1కి పడిపోతుంది, ఘర్షణ కాయగలిగిన వాలు 6 డిగ్రీల లోపుకి దిగుతుంది. అప్పుడు మన 1500 న్యూటన్ల బలంలో 60 న్యూటన్లు మొనను పైకి ఎత్తుతాయి. అంటే ఆరు కిలోల బరువుతో అదిమి పట్టుకుంటే తప్ప పని జరగదు. వంటగదిలో పొయ్యి పక్కనున్న స్క్రూలే ఎక్కువగా ఎందుకు పాడవుతాయో చూశారా!

ఇప్పుడు అరిగిన మొన సంగతి చూద్దాం. అంచులు గుండ్రంగా అయిపోయిన మొన గోడను సమంగా తాకదు, అంచు మీద ఎక్కుతుంది. తాకే చోట వాలు 20 డిగ్రీలు అయిందనుకుంటే, పొడిగా ఉన్నా సరే, పైకెత్తే బలం 230 న్యూటన్లు, అంటే 23 కిలోలు. నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి ఫ్యాన్ స్క్రూ తిప్పే మనిషి 23 కిలోలు ఎలా అదమగలడు? జారుతుంది, గుంట అంచు చెక్కుకుపోతుంది, వాలు ఇంకా పెరుగుతుంది, మరింత జారుతుంది. ఒక్క చెడ్డ మొన పది మంచి స్క్రూల తలలు తినేస్తుందని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఆ వాలు ఎందుకు పెట్టారు

అంత నష్టం ఉన్నప్పుడు గోడలు నిలువుగానే చెయ్యొచ్చు కదా? ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

ఒంటి గాడి ఉన్న పాత ఫ్లాట్ స్క్రూతో ఇబ్బంది ఏమిటంటే, మొన పక్కకు జారి చేతిలో దిగుతుంది. కెనడాకు చెందిన పి.ఎల్. రాబర్ట్‌సన్ అలాగే చెయ్యి కోసుకుని, చదరపు గుంట స్క్రూ మీద పడ్డాడు. 1909లో పేటెంట్ వచ్చింది. ఫోర్డ్ కంపెనీ హక్కులు అడిగితే ఇవ్వనన్నాడు. అమెరికా మార్కెట్ అలా తలుపు తెరుచుకుని ఉండిపోయింది.

ఆ తలుపులోంచి వచ్చిందే ప్లస్ గుంట. ఆలోచన జాన్ థాంప్సన్‌ది. దాన్ని కొని, మెరుగుపరిచి, లోకానికి అంటగట్టినవాడు ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్. స్క్రూ కంపెనీలు మొదట కాదన్నాయి. చల్లని తీగ ముక్క మీద పంచ్‌తో ఒక్క దెబ్బకు అంత లోతు గుంట కొడితే తల చీలిపోతుందని వాటి భయం. చివరికి అమెరికన్ స్క్రూ కంపెనీ ఆ పని సాధించింది. 1936లో పేటెంట్లు వచ్చాయి, ఆ ఏడాదే క్యాడిలాక్ కార్ల తయారీలోకి ఫిలిప్స్ స్క్రూ దిగింది.

వాలు రహస్యం ఆ దెబ్బలోనే ఉంది. గుంట కొట్టిన పంచ్ మళ్లీ బయటికి రావాలి. గోడలు నిట్టనిలువుగా ఉంటే పంచ్ ఇరుక్కుంటుంది, లేదా విరుగుతుంది. నిమిషానికి వందల స్క్రూలు కొట్టే యంత్రంలో అది కుదరదు. అందుకే గోడలకు వాలు పెడతారు. మన బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో డై తయారీ నేర్చుకున్న ఎవరినైనా కదిపి చూడండి, అచ్చులో వాలు లేకపోతే ఏమవుతుందో గంటసేపు చెబుతారు. ఎంత సొగసైన చిక్కో చూడండి: తయారీలో పంచ్‌ను బయటికి రానిచ్చే వాలే, వాడకంలో స్క్రూడ్రైవర్‌నూ బయటికి పంపుతుంది! పైగా ఆ వాలుకు ఒక సుగుణం కూడా ఉంది. మొన గుంట మధ్యలోకి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అసెంబ్లీ లైనులో కంటితో వెతుక్కునే పని లేదు. ఫిలిప్స్ గెలిచింది ఆ సుగుణంతోనే.

ఇక్కడ ఒక అపోహను ఖండించి తీరాలి. "ఫిలిప్స్ స్క్రూను కావాలనే జారేలా చేశారు, మర మరీ బిగుసుకుపోయి విరగకుండా" అని ఇంజినీరింగ్ కాలేజీల్లో సైతం చెబుతుంటారు. 1936 నాటి పేటెంటు తిరగేస్తే దీనికి సరిగ్గా వ్యతిరేకం కనిపిస్తుంది. మొన గుంటలోంచి బయటికి జారే ధోరణి లేకుండా చెయ్యడం తమ ఉద్దేశాల్లో ఒకటని ఫిలిప్స్ అందులో రాయించాడు. జారడం ఒక ప్రయోజనమన్న వాదన 1949 నాటి మరో పేటెంటులో కనిపిస్తుంది. లోపం ముందు వచ్చింది, దానికి గొప్పతనం తర్వాత అంటించారు. విజ్ఞాన చరిత్రలో ఇలాంటివి నిలదీయకపోతే అవే పాఠాలైపోతాయి.

మీ అలమర తలుపు తెరవండి

ఫిలిప్స్ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాల్లో మనకు ముఖ్యమైంది 1960లలో బ్రిటన్‌లోని జీకేఎన్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన పోజిడ్రైవ్. చూడ్డానికి ప్లస్ గుర్తులాగే ఉంటుంది, గోడలు మాత్రం దాదాపు నిలువు. అంటే వాలు దాదాపు సున్నా, పైకెత్తే బలమూ దాదాపు సున్నా.

ఇది ఎక్కడో సీమ సరుకు అనుకోకండి. మీ మాడ్యులర్ కిచెన్ అలమర తలుపు తెరిచి, కీలు మీదున్న స్క్రూను టార్చి వెలుగులో చూడండి. ప్లస్ గుర్తు నాలుగు చేతుల మధ్య, మూలగా, వెంట్రుకల్లాంటి నాలుగు సన్నని గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్. యూరప్ తరహా కీళ్లలో, డ్రాయర్ల పట్టాల్లో వాడేవి ఎక్కువగా ఇవే. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో ఐకియా తన మొదటి భారతీయ దుకాణం తెరిచాక, పెట్టెలో విడిభాగాలుగా వచ్చే ఫర్నిచర్‌తో పాటు ఈ స్క్రూలు మణికొండ, నార్సింగి ఫ్లాట్లలోకి ఇంకా విరివిగా వచ్చాయి.

చిక్కేమిటంటే హార్డ్‌వేర్ షాపులో "స్టార్ స్క్రూడ్రైవర్" అని అడిగితే చేతిలో పెట్టేది ఫిలిప్స్. అది పోజిడ్రైవ్ గుంటలో దూరుతుంది, కానీ వదులుగా. వాలు మొన, నిలువు గోడ, రెండూ కలిసేది అంచు మీద మాత్రమే. పైన వేసిన లెక్క అంతా మళ్లీ మొదలు! ఏడాదికే కీళ్లు వదులై తలుపులు వాలిపోతున్నాయని బాధపడే ఇళ్లలో, బిగించడానికి ప్రయత్నించి తలలు పోగొట్టుకున్న స్క్రూలు ఎన్నో ఉంటాయి. తగిన మొన ఉంటే అది రెండు నిమిషాల పని. చాలా జపాన్ తరహా బైకుల స్క్రూలదీ ఇలాంటి కథే. తల మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ ప్రమాణం గుంట, ఫిలిప్స్ అందులో చివరి దాకా దిగదు.

ఉక్కు సంగతి

మొన ఆకారం ఎంత బాగున్నా, 150 కిలోల కింద అది నిలవాలి. మెత్తగా ఉంటే గుండ్రమైపోతుంది, మరీ గట్టిగా ఉంటే పెళుసై చిట్లుతుంది. ఈ రెంటి మధ్య తూకం మన నేలకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యేవి. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. అంత కార్బన్ ఉన్న ఉక్కును చిట్లకుండా సాగగొట్టడమే ఆ కమ్మరుల ప్రతిభ. స్క్రూడ్రైవర్‌కు అంత అక్కర్లేదు. అర శాతం కార్బన్, ఒక శాతం క్రోమియం, చిటికెడు వెనేడియం ఉన్న క్రోమ్ వెనేడియం ఉక్కు చాలు. అంతకంటే మెరుగు ఎస్2 అనే టూల్ స్టీల్. అయితే కడ్డీ మీద అచ్చేసిన పేరు చూసి మురిసిపోకూడదు. గట్టిదనం ఇచ్చేది ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ మితంగా వేడి చేసే పద్ధతి. అది సరిగ్గా జరగకపోతే ఎంత మంచి ఉక్కయినా మైనమే.

ఇక కొనడం

వెయ్యి నూట పదహార్లకు నలభై ముక్కలు వద్దు. ఒక ఫ్లాటుకు ఇవి చాలు: ఫిలిప్స్‌లో పీహెచ్1, పీహెచ్2, పోజిడ్రైవ్‌లో పీజెడ్2, ఫ్లాట్‌లో 3, 6 మిల్లీమీటర్లవి. రాణిగంజ్ లాంటి చోట విడివిడిగా కొంటే, నాసిక్‌లో తయారయ్యే తాపరియా వంటి మన కంపెనీల సరుకే ఈ డబ్బులో ఎంచుకోవచ్చు. పిడి లావుగా ఉండాలి. మొన తళతళలాడకపోయినా నష్టం లేదు. మెరుపు పూత మందంగా ఉంటే అంచుల పదును పోతుంది. అందుకే చాలా మంచి మొనలు నల్లగా ఉంటాయి. ఫ్లాట్ అయితే రెండు ముఖాలు చివర్లో సమాంతరంగా ఉండాలి, గొడ్డలిలా వాలుగా ఉంటే అదీ పైకి ఎగబాకుతుంది. కరెంటు పనికి మెయిన్ ఆపడం ఎలాగూ తప్పదు. అదనపు రక్షణ కావాలంటే జంట త్రికోణం గుర్తు, 1000 వోల్టులు అని రాసి ఉన్నదే తీసుకోవాలి. రంగు ప్లాస్టిక్ పిడి ఉన్నంత మాత్రాన అది రక్షణ కాదు. టెస్టర్‌తో స్క్రూలు బిగించే అలవాటు మాత్రం దయచేసి మానండి. వేలంత పిడితో బలం రాదు, లోపలున్న రక్షణ పగులుతుంది.

ఒక ఫిర్యాదు చెప్పకుండా ఉండలేను. ఫర్నిచర్ పెట్టెల మీద చెక్క రంగు పేరు ఉంటుంది, బరువు ఉంటుంది, ఏ మొన వాడాలో మాత్రం చాలాసార్లు ఉండదు. పీజెడ్2 అన్న మూడక్షరాలు ముద్రిస్తే వేల స్క్రూల తలలు దక్కుతాయి.

షాపుకు వెళ్లేటప్పుడు తోడల్లుడి ఇంటి కీలు స్క్రూ ఒకటి అడిగి జేబులో వేసుకోండి. అయస్కాంతం లేని మొనకు దాన్ని తగిలించి, స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా పట్టుకోండి. స్క్రూ ఊగకుండా నిలిచిందంటే గోడకూ మొనకూ పొత్తు కుదిరినట్టే, అది కొనండి. రాలిపోతే, పెట్టె ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టేసి తర్వాతిది అడగండి.