బర్క్‌లీ బల్లల మీద మూడు కప్పులు

తెలుగు భాషాశాస్త్రం చదివినవాళ్లకు బర్క్‌లీ పేరు కొత్త కాదు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కూర్చిన ఇద్దరిలో ఒకరైన ఎమెనో అక్కడి ఆచార్యుడు. తెలుగు ధాతువుల మీద భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన గ్రంథం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగానే వెలువడింది. ఇవాళ మన ఇళ్లలో ఆ ఊరి ప్రస్తావన వచ్చిందంటే అది పిల్లల ఇంజినీరింగ్ సీటు గురించో, అక్కడి ఇంటద్దెల గురించో అయివుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున కొండవాలు మీద ఉన్న ఈ చదువుల ఊరికి మరో చరిత్ర కూడా ఉంది. అది కాఫీ, టీల చరిత్ర. అమెరికా కాఫీ రుచిని మార్చిన దుకాణం ఇక్కడే పుట్టింది. తైవాన్ నుంచి వచ్చిన బబుల్ టీకి విశ్వవిద్యాలయం దక్షిణపు వీధుల్లో గట్టి గిరాకీ ఉంది. చైనా పద్ధతిలో విడి ఆకుల టీ కాచి పోసే సంప్రదాయమూ ఈ ఊరికి తెలుసు. ఈ మూడింటినీ మూడు తరాల అభిరుచులుగానో, ఒకదాన్నొకటి తరిమే ఫ్యాషన్లుగానో చూడటం మామూలైపోయింది. నా వాదన వేరు. ఈ మూడు కప్పులూ మూడు రకాల సమయాన్ని ఇస్తాయి. చదువుకునే మనిషికి మూడూ కావాలి. వాటి కోసం వేసిన బల్లలూ కుర్చీలూ చదువుల ఊరికి గ్రంథాలయమంత అవసరం.

చదువుకూ కాఫీకీ ఉన్న పొత్తు పాతది. ఇంగ్లండ్‌లో మొదటి కాఫీ అంగడి వెలిసింది రాజధానిలో కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో. జేకబ్ అనే యూదుడు 1650లో ఏంజెల్ సత్రంలో కాఫీ పోయడం మొదలుపెట్టాడని ఆ ఊరివాడే అయిన ఆంథొనీ వుడ్ రాసిపెట్టాడు. ఐదారేళ్లకు టిల్యార్డ్ అనే మందుల వర్తకుడు ఆల్ సోల్స్ కళాశాల దగ్గర మరో అంగడి తెరిచాడు. అక్కడ చేరిన యువ పండితులు రసాయన ప్రయోగాల గురించీ, కొత్త తత్వశాస్త్రం గురించీ గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఒక పెన్నీ ఇచ్చి కూర్చుంటే వార్తా, వాదనా రెండూ దొరికేవి కాబట్టే కాఫీ అంగళ్లకు పెన్నీ విశ్వవిద్యాలయాలన్న పేరొచ్చింది. ఈ మాటలంటే రాజుకు భయం పుట్టింది. 1675 డిసెంబరు 29న రెండో చార్లెస్ కాఫీ అంగళ్లన్నిటినీ మూసేయమని ఉత్తర్వు వేశాడు. జనం అలజడి చూసి, అది అమల్లోకి రాకముందే జనవరి 8న వెనక్కి తీసుకున్నాడు. పది రోజులకే సింహాసనం వెనక్కి తగ్గిందంటే జనం కాపాడుకున్నది నల్లటి చేదు నీళ్లను మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది.

బర్క్‌లీ కాఫీకి రెండు మూలాలున్నాయి. అవి మొదట్లో ఒకదానితో ఒకటి కలిసినవి కావు. మొదటిది విశ్వవిద్యాలయం దక్షిణపు గేటు నుంచి మొదలయ్యే టెలిగ్రాఫ్ అవెన్యూలోని కఫే మెడిటరేనియం. 1950ల చివర్లో మొదలై 2016 దాకా నడిచింది. కాఫీలో వేడిపాలు ఎక్కువగా కలిపే లాటేను తామే మొదలుపెట్టామని చెప్పుకునేది. ఆ మాట సంగతి అలా ఉంచినా, దాని అసలు ఘనత కూర్చోనివ్వడంలో ఉంది. ఒక కప్పు ముందు పెట్టుకుని పూటంతా చదువుకోవచ్చు, చదరంగం ఆడొచ్చు, రాజకీయాలు మాట్లాడొచ్చు. రెండోది ఆల్ఫ్రెడ్ పీట్ అనే డచ్చివాడు 1966 ఏప్రిల్ 1న ఊరికి ఉత్తరాన వైన్, వాల్నట్ వీధుల మూల తెరిచిన దుకాణం. కాఫీ వేపే ఇంట్లో పుట్టి, లండన్‌లో టీ వ్యాపారంలో పనిచేసి, జావా, సుమత్రాల్లో టీ రుచి చూసే ఉద్యోగం చేసిన మనిషి ఆయన. డబ్బాల్లో వచ్చే నీళ్ల కాఫీకి అలవాటుపడ్డ అమెరికాలో, ఎత్తయిన కొండల్లో పండిన మంచి గింజల్ని ముదురుగా వేపి అమ్మడం మొదలుపెట్టాడు. పక్కనే విడి ఆకుల టీ కూడా అమ్మేవాడు. సియాటిల్‌లో 1971లో స్టార్‌బక్స్ తెరిచిన ముగ్గురు మిత్రులు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. మొదటి ఏడాది వాళ్లు గింజలు కొన్నదీ ఆయన దగ్గరే. అయితే పీట్‌కు జనాన్ని గంటల తరబడి కూర్చోబెట్టాలన్న ఆలోచన లేదు. గింజలు కొనుక్కుని ఇంట్లో శ్రద్ధగా కాచుకోవాలన్నది ఆయన పట్టు. ఒక దుకాణం కుర్చీ ఇచ్చింది, మరొకటి రుచి ఇచ్చింది. ఆ ఊరి కాఫీ సంస్కృతి అంతా ఈ రెండూ ఒకే గదిలోకి రావడంతో ఎదిగిందే.

ఆ గదిలో కాఫీ ఇచ్చే సమయం ఒంటరి సమయం. 240 మిల్లీలీటర్ల వడపోత కాఫీలో దాదాపు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతే పరిమాణం నల్ల టీలో దాదాపు అందులో సగం. కాఫీ కప్పు తెచ్చుకున్న విద్యార్థి ముందు పుస్తకమో ల్యాప్‌టాపో ఉంటుంది. చుట్టూ మనుషులుంటారు, పలకరింపు అక్కర్లేదు. నలుగురి మధ్యా ఏకాంతంగా ఉండగలగడం ఇంటికి దూరంగా వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకో పిల్లవాడికో చిన్న మేలు కాదు. పరీక్షల వారంలో ఆ మేలు మోతాదు మించుతుందన్నదీ నిజమే. పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. నాలుగు కప్పులతో ఆ గీత దగ్గరకు వచ్చేస్తాం. అందుకే ఊళ్లో కాఫీ ఒక్కటే ఉంటే చాలదు.

బబుల్ టీ విషయంలో పెద్దవాళ్ల విసుగు నాకు అన్యాయంగా కనిపిస్తుంది. 1980ల్లో తైవాన్‌లో పుట్టిన పానీయం ఇది. తైచుంగ్‌లోని చున్ షుయ్ తాంగ్, తైనాన్‌లోని హాన్‌లిన్ అనే రెండు టీ అంగళ్లు మాదంటే మాదని పదేళ్లు కోర్టులో పోరాడాయి. ఎవరైనా చేయగల పానీయానికి పుట్టుక తేల్చాల్సిన పని లేదని 2019లో తీర్పు వచ్చింది. 1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరిన తైవాన్ కుటుంబాలు స్థిరపడ్డ కాలిఫోర్నియా ఊళ్లలో 1990ల నుంచీ ఇది విస్తరించింది. వాళ్ల పిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్లినప్పుడు ఆ ఊళ్లకూ తోడొచ్చింది. అందులోని నల్ల ముత్యాలు కర్రపెండలం పిండితో చేసినవి. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతపు మిల్లుల్లో సగ్గుబియ్యం అయ్యేదీ ఆ దుంపే. పాయసంలో సగ్గుబియ్యం పంటికింద జారే హాయి తెలిసిన తెలుగువాళ్లకు ఈ కప్పు పరాయిది కానక్కర్లేదు. ఆ ముత్యాల్ని అరగంట ఉడికించి, మూతపెట్టి మగ్గనిచ్చి, ముదురు చక్కెర పాకంలో నానబెట్టాలి. కొన్ని గంటలు దాటితే అవి గట్టిపడతాయి కాబట్టి మంచి దుకాణంలో రోజుకు నాలుగైదుసార్లు వండాల్సిందే. అంత శ్రమ ఉన్న వంటను పిల్లల చిరుతిండి అని తీసిపారేయడం సరికాదు.

ఇంతకన్నా ముఖ్యమైన కారణం చట్టంలో ఉంది. అమెరికాలో 21 ఏళ్లు నిండనిదే మద్యం కొనలేరు. డిగ్రీలో మొదటి మూడేళ్లు చదివే పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసు లోపువాళ్లే. రాత్రి పదింటికి చదువు ముగించుకుని ఐదుగురు స్నేహితులు బయటికి వస్తే ఎక్కడికి వెళ్లాలి? బార్ తలుపు మూసి ఉంటుంది, కాఫీ తాగితే నిద్ర పట్టదు. ఆ వేళకు దీపాలు వెలుగుతుండేవి బోబా అని కూడా పిలిచే ఈ బబుల్ టీ దుకాణాలు. అక్కడ ఎవరికి నచ్చినట్టు వాళ్లు తీపి, ఐసు, ముత్యాలు చెప్పుకుంటారు. ఒకరి కప్పు ఒకరు రుచి చూస్తారు. కాఫీ ఏకాంతాన్ని ఇస్తే బోబా గుంపును ఇస్తుంది. మత్తు లేకుండా రాత్రి గడపడానికి యువతకు దొరికిన ఇంత చక్కటి సాధనాన్ని తల్లిదండ్రులు మెచ్చుకోవాలి.

చక్కెర సంగతేమిటని అడుగుతారు. గట్టి అభ్యంతరమే. అర లీటరు కప్పు పూర్తి తీపితో తీసుకుంటే 30 నుంచి 50 గ్రాముల చక్కెర దాకా లోపలికి పోతుంది. పైనుంచి కలిపే చక్కెర రోజుకు ఆడవాళ్లకు 25, మగవాళ్లకు 36 గ్రాములు మించకూడదని అమెరికా హృద్రోగ సంఘం చెబుతోంది. ఈ విషయంలో బర్క్‌లీ అమాయకపు ఊరేమీ కాదు. తీపి పానీయాల మీద ఔన్సుకు ఒక సెంటు పన్ను వేయడానికి 2014 నవంబరులో ఓటేసి, దేశంలో ఆ పని చేసిన మొదటి నగరంగా నిలిచింది. పేదలుండే పేటల్లో తీపి పానీయాల వాడకం ఆ తర్వాత 21 శాతం తగ్గిందని 2016లో వెలువడిన పరిశోధన చూపించింది. అంటే అలవాటు మారుతుంది. బబుల్ టీకి మరో వెసులుబాటు కూడా ఉంది. సీసాలో వచ్చే సోడాలో తీపి తగ్గించమని అడగలేం. ఇక్కడ సున్నా నుంచి నూరు శాతం దాకా తీపి ఎంచుకునేది తాగేవాళ్లే. పావువంతు తీపితో, పొడి కలిపిన పాలు కాక అసలు టీ డికాషన్‌తో చేసే చోట తాగితే ముత్యాల తీపే చాలు, ఆకు రుచి కూడా నాలుకకు తెలుస్తుంది. పాకంలో నానిన ముత్యాల్లోనూ చక్కెర ఉంటుందన్నది మరవకూడదు. కనుక ఇది రోజువారీ పానీయం కాదనే నేనూ అంటాను.

విడి ఆకుల టీ దగ్గరికి వచ్చేసరికి చాలామంది తెలుగువాళ్లకు చిన్న అడ్డంకి ఉంటుంది. మన ఇళ్లలో టీ అంటే సీటీసీ పొడి. ఆకును యంత్రంలో నలిపి, చింపి, ఉండచుట్టే ఆ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. పాలల్లో మరిగించినా నిలబడే చిక్కదనం దానిది. విడి ఆకు అలా మరిగిస్తే పాడవుతుంది. పచ్చ టీకి నీళ్లు 75, 80 డిగ్రీలు దాటకూడదు. ఊలాంగ్‌కు 90 పైన ఉండాలి. పాతబడిన పూఅర్ టీకి తెర్లే నీళ్లే కావాలి. మూతగిన్నె లాంటి చిన్న గైవాన్‌లో ఐదు గ్రాముల ఊలాంగ్ వేసి, వంద మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఇరవై సెకన్లకే వంచేస్తారు. అదే ఆకు మీద మళ్లీ పోస్తారు, మళ్లీ వంచుతారు. మొదటి వంపులో పూల వాసన, మూడో వంపుకు ఉండలు విప్పుకున్న ఆకులో నుంచి వెన్నలాంటి నునుపు, ఆరో వంపుకు తీయటి నీరు. ఒకే ఆకు గంటసేపు మారుతూ పోతుంది. ఆ మార్పును గమనించడమే అక్కడ ఆనందం. ఫోను చూస్తూ కూర్చుంటే ఇరవై సెకన్లు రెండు నిమిషాలై వగరు దిగుతుంది. అందుకే ఈ టీ ఇచ్చే సమయం మిగతా రెండింటికన్నా అరుదైనది. ఎదుటి మనిషితో నెమ్మదిగా మాట్లాడే సమయం, గురువూ శిష్యుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోగల సమయం అది. పోసేవాళ్లూ అందుకునేవాళ్లూ ఒకరి కోసం ఒకరు ఆగాలి. విద్యార్థి జీవితంలో ఆగడం నేర్పేవి ఎక్కువ లేవు.

ఖర్చు సంగతి చూసినా ఇది ధనికుల వ్యసనం అనడానికి లేదు. వంద గ్రాముల ఆకు ఇరవై సార్లు కూర్చోవడానికి వస్తుంది. ఒక్కోసారీ ఆరేడు వంపులు, ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు. అయినా టీ గదులే ముందు మూతపడతాయి. గంటకు ఒకే కుండ అమ్మే బల్ల, గంటకు నలభై కప్పులు చేతికందించే కౌంటరుతో అద్దె దగ్గర పోటీ పడలేదు. కఫే యజమానుల గోడు కూడా ఇదే. ఒక కాఫీ కొని మూడు గంటలు బల్ల ఆక్రమిస్తే దుకాణం ఎలా నడుస్తుందని వాళ్లు అడగడంలో తప్పులేదు. సమయాన్నే నేరుగా అమ్మితే సరిపోదా అన్న ప్రయోగమూ జరిగింది. మాస్కోలో మొదలైన జిఫర్‌బ్లాట్ 2014లో లండన్‌లో తెరిచినప్పుడు కాఫీ ఉచితం, కూర్చున్నందుకు నిమిషానికి 3 పెన్నీలు. లెక్కకు న్యాయంగానే ఉంది. కానీ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడికి మాట సాగదు, పుస్తకంలో మనసు మునగదు. దానికన్నా రద్దీ వేళల్లో కొన్ని బల్లల మీద ల్యాప్‌టాప్‌లు వద్దనడం, రెండో కప్పుకు ధర తగ్గించడం మేలైన దారి. కూర్చున్నవాళ్ల వైపు నుంచి కూడా బాధ్యత ఉంది. గంటకొకసారి ఏదైనా కొనడం, జనం పెరిగినప్పుడు లేచి చోటివ్వడం మర్యాద.

గ్రంథాలయం ఉచితంగా ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్లకు విశ్వవిద్యాలయమే జవాబు చెప్పింది. 1964 అక్టోబరు 1న దాని ఆవరణలో ఒక కార్యకర్తను అరెస్టు చేసిన పోలీసు కారును వేలమంది చుట్టుముట్టి 32 గంటలు కదలనివ్వలేదు. వాక్ స్వాతంత్ర్య ఉద్యమం అక్కడ మొదలైంది. ఆ ఉద్యమ జ్ఞాపకంగా 2000లో ఒక పూర్వవిద్యార్థి విరాళంతో కట్టింది కఫేయే. అదీ మాఫిట్ గ్రంథాలయంలోనే. పుస్తకాల మధ్య మౌనం ఎంత అవసరమో, పక్కగదిలో మాట కూడా అంత అవసరమని ఒప్పుకున్నట్టే కదా. దీనికి తోడు ఇంటి సమస్య ఉంది. 45 వేల మంది దాకా చదివే ఆ విశ్వవిద్యాలయం ఇటీవలి దాకా నలుగురిలో ఒకరికి కూడా వసతి ఇవ్వలేకపోయింది. ఒక గదిలో ముగ్గురు సర్దుకునే చోట స్నేహితుణ్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టడానికి కుర్చీ ఎక్కడుంటుంది? మన ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలు ఇరానీ హోటల్ బల్లలకు అలవాటుపడ్డవాళ్లు. ఆ లోటు వాళ్లకు మరీ తెలుస్తుంది.

విశ్వవిద్యాలయం చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్ భవనాలు లేస్తున్నాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తు దుకాణాలకే కేటాయించారు. కౌంటరు మాత్రమే పట్టే ఇరుకు గదులుగా వాటిని చీల్చి ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లకు అప్పగిస్తే, మూడు రకాల సమయంలో రెండు ఊరు వదిలిపోతాయి. పారేసే కప్పు వాడితే 25 సెంట్లు అదనంగా కట్టాలని 2020 జనవరి నుంచి ఈ నగరమే నిబంధన పెట్టింది. కూర్చుని పింగాణీ కప్పులో తాగేవాళ్లకు ఆ భారం లేదు. కప్పు విషయంలో అంత పట్టుదల చూపిన నగరం కొత్త భవనాల కింది అంతస్తుల్లో కూర్చునే దుకాణాలకు అద్దెలో రాయితీ ఇప్పించగలదు. తన స్థలాల్లో విశ్వవిద్యాలయం ఆ పని ఇంకా తేలిగ్గా చేయగలదు. మొదటగా ఒక టీ గదికి చోటివ్వాలి. కాఫీకీ బోబాకీ తమ కాళ్ల మీద నిలబడే శక్తి ఉంది, దానికి లేదు.