న్యాయ సహాయ కేంద్రాలు – న్యాయ విద్యార్థుల పాత్ర

1. పరిచయం

హక్కు ఉండటం వేరు, ఆ హక్కును అడిగి పొందగలగడం వేరు. కూలికి వెళ్లే మనిషి ఒక రోజు పని మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని కోర్టు ఉన్న ఊరికి వెళ్లినా, అక్కడ ఎవరిని కలవాలో, ఏ కాగితం చూపాలో తెలియకపోతే ఉత్త చేతులతో తిరిగి రావలసిందే. ఈ దూరాన్ని తగ్గించడానికి ఏర్పడినవే న్యాయ సహాయ కేంద్రాలు. వీటిలో న్యాయ కళాశాలల విద్యార్థులు స్వచ్ఛందంగా పనిచేస్తుంటారు. ఇంకా న్యాయవాదులు కాని ఈ విద్యార్థులు పేదలకు ఏ విధంగా ఉపయోగపడతారో, వారి పనికి ఉన్న హద్దులేమిటో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. చట్టపరమైన ఆధారం

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39-ఎ అధికరణను చేర్చారు. పేదరికం వల్ల గానీ మరే ఇతర అశక్తత వల్ల గానీ ఏ పౌరుడూ న్యాయం పొందే అవకాశం కోల్పోకుండా ఉచిత న్యాయ సహాయం కల్పించాలని అది రాజ్యాన్ని ఆదేశిస్తుంది. ఈ ఆదేశాన్ని అమలు చేయడానికి పార్లమెంటు 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టాన్ని చేసింది. అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది.

ఈ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు మొదలైనవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలకు అర్హులు. ఈ వర్గాలకు చెందనివారికి మాత్రం ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో, న్యాయ కళాశాలల్లో న్యాయ సేవా కేంద్రాల ఏర్పాటును ప్రోత్సహించే బాధ్యతను 4వ సెక్షన్ జాతీయ న్యాయ సేవల అధికార సంస్థకు అప్పగించింది. ప్రతి న్యాయ కళాశాలా సీనియర్ అధ్యాపకుని పర్యవేక్షణలో ఇటువంటి కేంద్రాన్ని నడపాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయ విద్యా నిబంధనల్లో నిర్దేశించింది.

3. విద్యార్థి పని, దాని హద్దులు

1961 నాటి న్యాయవాదుల చట్టం 33వ సెక్షన్ ప్రకారం, సాధారణంగా న్యాయవాదిగా నమోదైనవారే కోర్టులో ప్రాక్టీసు చేయాలి. కాబట్టి విద్యార్థి వకాలతు దాఖలు చేయలేడు, కక్షిదారు తరఫున వాదించలేడు. అయితే వచ్చినవారి మాట విని రాసుకోవడం, కాగితాలు చదివి వాటిలో ఏముందో వారి భాషలో చెప్పడం, దరఖాస్తు నింపడంలో తోడ్పడటం, తగిన అధికారి వద్దకు పంపడం, అధ్యాపకుని లేదా న్యాయవాది పర్యవేక్షణలో చిత్తుప్రతి తయారు చేయడం అతడు చేయగల పనులు. విన్న విషయాలను గోప్యంగా ఉంచాలి. “మీరే గెలుస్తారు” అని ఎన్నడూ హామీ ఇవ్వకూడదు.

4. ఒక ఉదాహరణ

ఒక మహిళ కేంద్రానికి వచ్చి, “మా ఆయన రెండేళ్లుగా ఇంటి ఖర్చులకు పైసా ఇవ్వడం లేదు” అని చెప్పిందనుకుందాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద ఆమె మనోవర్తి కోరవచ్చు. విద్యార్థి ఆ సంగతి చెప్పి, దరఖాస్తు రాసి పంపించేస్తే పని పూర్తయినట్టే కనిపిస్తుంది.

కానీ విద్యార్థి, “అమ్మా, ఈ మధ్య మీకు కోర్టు నుంచి గానీ పోస్టులో గానీ కాగితాలేమైనా వచ్చాయా?” అని అడిగాడు. ఆమె సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. అది భర్త వేసిన విడాకుల పిటిషన్‌పై వచ్చిన సమను. వాయిదా నాలుగు రోజుల్లో ఉంది. చదవడం రాక ఆమె దాన్ని అలాగే దాచుకుంది. ఆ రోజు ఆమె తరఫున ఎవరూ హాజరు కాకపోతే, ఆమె మాట వినకుండానే కేసు ఏకపక్షంగా ముందుకు సాగవచ్చు. తరువాత ఏకపక్ష డిక్రీ వస్తే దాన్ని రద్దు చేయించుకోవడానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి గడువు సాధారణంగా 30 రోజులే.

విద్యార్థి వెంటనే పర్యవేక్షకునికి ఆ సమను చూపాలి. మహిళ కాబట్టి ఆమెకు ఆదాయ ధ్రువపత్రం అవసరం లేదు. అదే రోజు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయించి, వాయిదా తేదీ స్పష్టంగా రాసి, న్యాయవాదిని నియమించమని కోరాలి. ఇక్కడ ఆమెకు అవసరమైన మొదటి సహాయం వాదన కాదు; ఒక ప్రశ్న, ఒక తేదీ.

5. సారాంశం

న్యాయ సహాయ కేంద్రంలో విద్యార్థి న్యాయవాదికి ప్రత్యామ్నాయం కాడు. సామాన్యుణ్ణి గడువు దాటకముందే న్యాయవాది వద్దకు చేర్చే వారధి అతడు. ఓపికగా వినడం, ప్రతి కాగితాన్నీ చూడటం, తేదీలు తప్పు లేకుండా రాసుకోవడం, తనకు తెలియనిదాన్ని తెలిసినవారిని అడగడం ఈ పనిలో ముఖ్యమైనవి. తరగతిలో చదివిన సెక్షన్ వెనుక ఒక మనిషి ఉంటాడని విద్యార్థి నేర్చుకునేదీ ఇక్కడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 39-ఎ అధికరణ లక్ష్యం ఏమిటి?
2. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలకు అర్హులైన ఏవైనా నాలుగు వర్గాలను పేర్కొనండి.
3. పై ఉదాహరణలో విద్యార్థి మనోవర్తి దరఖాస్తుతోనే సరిపెట్టుకొని ఉంటే ఆ మహిళకు కలిగే నష్టాన్ని వివరించండి.