బాలింతకి నూనె రాసే చెయ్యి

2023 వేసవిలో మా అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆసుపత్రి నుంచి తెనాలిలో మా ఇంటికి తీసుకొచ్చిన మర్నాటి నుంచే నాకు ఒకటే తొందర. నూనె రాయించాలి, వావిలాకు నీళ్ళు పోయించాలి, సాంబ్రాణి పట్టించాలి! "ఇప్పుడు ఒళ్ళు గట్టిపడకపోతే పెద్దయ్యాక నడుం నిలవదే" అని నా గోల. "కుట్లున్నాయమ్మా, నన్నొదిలెయ్" అని దాని గోల. మీ ఇళ్ళల్లోనూ ఈ మాటలు వినపడే ఉంటాయి.

చివరికి తొమ్మిదో రోజున పెద్దమ్మకి కబురు పెట్టాను. మా వీధిలో అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తారు. డెబ్భై దాటాయి. 1994లో నా పురిటికి నూనె రాసి నీళ్ళు పోసింది కూడా ఆవిడే.

నా పురుడు రోజులు

ఆ రోజులు నాకు బాగా గుర్తు. నాది మామూలు కాన్పే. పెరటివైపు గదిలో నులక మంచం వేశారు. కిటికీలు మూసేశారు, చెవుల్లో దూది పెట్టారు, తలకి గుడ్డ కట్టారు. మంచం కింద కుంపటి. దాహమేస్తోందంటే, బాలింతకి నీళ్ళెక్కువిస్తే ఒళ్ళు నీరు పడుతుందని చిన్న గ్లాసుడు కాచిన నీళ్ళిచ్చేవారు.

మైల అని పదిరోజులు ఇంట్లో ఎవరూ నన్ను ముట్టుకోలేదు. అన్నం కంచం గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయేవారు. ముట్టుకున్నది పెద్దమ్మ ఒక్కత్తే. పొద్దున్నే వచ్చి, గోరువెచ్చటి నువ్వుల నూనె మాడుకి అద్ది, భుజాలు, వెన్ను, పిక్కలు, అరికాళ్ళు తీరిగ్గా రాసేది. సున్నిపిండితో నలుగు పెట్టి, వావిలాకు వేసి కాచిన నీళ్ళు నడుం మీద ధారగా పోసేది. నాకు మూడో రోజు నుంచీ ఊరికే ఏడుపొచ్చేది. ఎందుకో నాకే తెలీదు. ఆవిడ అడిగేది కాదు. "ఏడువు తల్లీ, పాలు పడే రోజులు" అనేది. నీళ్ళు పోశాక గాఢంగా నిద్రపట్టేది. ఆ నూనె వల్ల నా ఎముకలు గట్టిపడ్డాయో లేదో గానీ, ఆ పదిరోజులూ నన్ను మనిషిగా నిలబెట్టింది మాత్రం ఆ చెయ్యే.

మా అమ్మాయికీ ఆ సుఖం దక్కాలనే నా తాపత్రయమంతా!

"ఈ కాలు నేను ముట్టుకోను"

పెద్దమ్మ వచ్చింది. నూనె వేడిచేశాను. అమ్మాయి అప్పటికి రెండు రోజులుగా ఎడమకాలు లాగుతోందంటోంది. పిక్క కాస్త ఉబ్బినట్టుంది. నేనూ, మా ఆడపడుచూ చూసి, "కాన్పుకి నీరు దిగిందిలే, నాలుగు రోజులు గట్టిగా రుద్దితే అదే పోతుంది" అనుకున్నాం. పెద్దమ్మకీ అదే చెప్పాను.

ఆవిడ నూనె గిన్నె పక్కన పెట్టి, దాన్ని మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోమంది. రెండు పిక్కల మీదా అరచేతి వెనకభాగం ఆనించి చూసింది. తన కొంగు అంచుతో ఒక పిక్క చుట్టూ కొలిచి, అదే కొలతని రెండోదానికి పెట్టింది. చాల్లేదు.

"నీరైతే రెండు కాళ్ళకీ దిగుతుందమ్మా. ఇది ఒక్క కాలే వాచింది, వేడిగా ఉంది. ఈ కాలు నేను ముట్టుకోను. డాక్టరుకి చూపించుకురా" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. ముసలితనం వచ్చి భయం పట్టుకుందనుకున్నాను. అమ్మాయే, "వెళదాం పదమ్మా" అని లేచింది. ఆసుపత్రిలో కాలికి డాప్లర్ స్కాన్ తీశారు. లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉంది. "రుద్దారా?" అన్నదే డాక్టరుగారి మొదటి ప్రశ్న. లేదంటే ఊపిరి పీల్చుకున్నారు. రుద్దితే ఆ గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చనీ, అప్పుడు ప్రాణానికే ముప్పనీ చెప్పారు. రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ మందుతో బిడ్డకి పాలివ్వచ్చన్నారు. ఇప్పుడు తల్లీబిడ్డా బాగున్నారు.

ఇంటికొచ్చాక పెద్దమ్మని అడిగాను, ఎలా తెలిసిందని. కొన్నాళ్ళు నర్సింగ్ హోములో ఆయాగా చేసిందట. అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. "రాయడం ఎవరైనా రాస్తారు, ఎక్కడ రాయకూడదో తెలియాలి" అంది.

అప్పటి పద్ధతి, ఇప్పటి కాన్పు

తర్వాత డాక్టరుగారిని తీరిగ్గా అడిగి తెలుసుకున్నాను. గర్భం వచ్చినప్పటి నుంచీ ఆడదాని రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటిది. కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంటుంది. ఆపరేషనైతే ఆ ప్రమాదం ఇంకాస్త పెరుగుతుంది. దానికితోడు మనం కదలనివ్వకుండా పడుకోబెడతాం, నీళ్ళివ్వం! నా కూతురికి నేనూ అదే చేశాను. లేచి తిరుగుతుంటే, "పడుకోవే" అని కసిరాను.

మన అమ్మమ్మల పద్ధతులు మామూలు కాన్పుల కాలంలో పుట్టినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. మరి పద్ధతి కూడా కాస్త మారొద్దూ?

అలాగని నూనె మానేయనక్కర్లేదు. బిడ్డని మోసి, వంగి పాలిచ్చి పట్టేసిన మెడకి, భుజాలకి, నడుముకి అది హాయినిస్తుంది. నిద్ర పట్టిస్తుంది. తననీ ఒకరు చూసుకుంటున్నారన్న ధైర్యాన్నిస్తుంది. అంతేగానీ పొట్ట నొక్కితే గర్భసంచి లోపలికి పోతుందన్నది మాత్రం అపోహ. కాన్పవగానే కిలో దాకా బరువుండే గర్భసంచి, ఆరు వారాల్లో తనంతట తనే 60, 70 గ్రాములకి వచ్చేస్తుంది. బిడ్డకి పాలిస్తుంటే అది ముడుచుకోవడానికి సాయం.

ఎలా రాయాలి?

మామూలు కాన్పైతే తల్లికి ఓపిక రాగానే మెల్లగా మొదలుపెట్టొచ్చు. కింద కుట్లుంటే పీట మీద గొంతుక్కూర్చోబెట్టకండి, ఎత్తైన స్టూలు వెయ్యండి.

ఆపరేషనైతే డాక్టరుని అడిగాకే. పక్కకి తిప్పి పడుకోబెట్టి మెడ, భుజాలు, వెన్ను, చేతులు, పాదాలు రాస్తే చాలు. పొట్ట జోలికి పోవద్దు. గాయం పూర్తిగా మానేదాకా దానిమీద నూనె గానీ, సున్నిపిండి గానీ, పసుపు గానీ పడకూడదు.

పాలు గడ్డకట్టాయని రొమ్ముల్ని గట్టిగా పిసకకండి, వాపు ఎక్కువవుతుంది. బిడ్డకి తరచుగా పట్టించడమే మందు.

నడికట్టు కడితే ఊపిరాడేంత వదులుగా ఉండాలి. పొట్ట తగ్గాలని బిగిస్తే భారమంతా కిందికి పడుతుంది.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దు. ఆ విషవాయువు తల్లికీ బిడ్డకీ ప్రమాదం. సాంబ్రాణి పొగ కూడా పసిబిడ్డ ముక్కుకి పడదు.

పాలిచ్చే తల్లికి దాహమేసినప్పుడల్లా నీళ్ళివ్వాలి. గదిలోనే అయినా సరే, రోజూ అటూ ఇటూ నడిపించాలి.

నూనె గిన్నె పక్కన పెట్టాల్సిందెప్పుడు?

ఇవి కనిపిస్తే స్నానం, పథ్యం అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి:

* ఒక్క కాలే వాచి, నొప్పిగా, వేడిగా ఉండడం
* ఆయాసం, గుండెలో నొప్పి
* గంటలోపే ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం
* 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, మైలలో దుర్వాసన
* తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం

ఇంకొకటి. నాకొచ్చినట్టు మూడో రోజు నుంచి వచ్చే ఏడుపు చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతుంది. అది దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, చనిపోవాలన్న మాట నోట వస్తే, "బాలింత కదా, అలాగే ఉంటుంది" అని వదిలెయ్యకండి. అదీ జబ్బే, దానికీ మందుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం ఇంటికొచ్చిన తల్లిని ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు ఆరోగ్య సిబ్బంది చూడాలి. రెండు, మూడు రోజుల మధ్య ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి. మనమేమో బిడ్డకి టీకాలంటే పరిగెడతాం, తల్లిని మర్చిపోతాం.

పెద్దమ్మకి ఏమిచ్చాం?

1994లో పదిరోజుల చాకిరీకి మా వాళ్ళు పెద్దమ్మకి కొంచెం బియ్యం, ఓ చీర ఇచ్చారు. అన్నం పెరటి అరుగు మీదే పెట్టారు. నన్ను ముట్టుకున్న ఏకైక మనిషిని వంటింటి గడప దాటనివ్వలేదు. అప్పుడు నాకది తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డాక్టరుగారు సరేనన్నాక, ఆరో వారంలో పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. ముందు రెండు పిక్కలూ కొంగుతో కొలుచుకుంది. ఆ తర్వాతే భుజాలకి నూనె అద్దింది. పది నిమిషాల్లో మా అమ్మాయి కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీసింది. ఆ పూట పెద్దమ్మ మాతోపాటు బల్ల దగ్గరే భోంచేసింది. రోజుకింతని మాట్లాడుకుని డబ్బులూ చేతిలో పెట్టాను.

మీ ఇంట్లో పురుడుంటే నూనె రాయించండి, తప్పేం లేదు. కాకపోతే గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు, పిల్ల రెండు కాళ్ళూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. నొప్పి అని అది చెబితే, మనకంతా తెలుసనుకోకుండా వినండి.