పదేళ్లు ఒకే పని.. ఇప్పుడు ఫీల్డ్ మారుతున్నారా? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మాత్రం తప్పదు!

పదేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్ ఒకరు, ఓ కంపెనీలో ట్రైనర్ ఉద్యోగానికి అప్లై చేశారనుకుందాం. సబ్జెక్టులో తిరుగులేదు. క్లాసులో గంటలకొద్దీ మాట్లాడిన అనుభవం ఉంది. కానీ ఎదురుగా కూర్చున్న ఇద్దరు "ఇన్నేళ్లు చేసి ఇప్పుడెందుకు మారుతున్నారు?" అని అడగ్గానే గొంతు పట్టేస్తుంది. జీతం సరిగా ఇవ్వట్లేదని చెప్పాలా? ఒత్తిడి తట్టుకోలేకపోయానని చెప్పాలా?

బెజవాడ చుట్టుపక్కల ఇలాంటి వాళ్లు తక్కువేం కాదు. 2020లో కరోనాతో స్కూళ్లు, కాలేజీలు మూతపడ్డప్పుడు ప్రైవేటు టీచర్లు పళ్ల బండ్లు పెట్టుకోవడం అందరూ చూశారు. 2025 ఆగస్టులో భారత్‌పై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరడంతో రొయ్య రైతులతో పాటు ఆక్వానే నమ్ముకున్న ఉద్యోగులకూ దిగులు పట్టుకుంది. మరోవైపు గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది. మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంట్ 2025 మార్చిలో మొదలైంది. పాత దారి ఇరుకైనప్పుడు కొత్త దారి వైపు చూడటం సహజమే.

అయితే మన దగ్గర చాలామందికి ఇంటర్వ్యూ అలవాటే లేదు. ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుని పోటీ పరీక్షలు రాసినవాళ్లదీ అదే పరిస్థితి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. డీఎస్సీలోనూ రాతపరీక్షే. దాంతో ముప్పై ఐదేళ్లు వచ్చినా ఒక్క ఇంటర్వ్యూ గది కూడా చూడనివాళ్లు ఉన్నారు. అది వాళ్ల తప్పు కాదు. కానీ ప్రైవేటులో తలుపు తెరుచుకునేది అక్కడే.

ఇక "ఎందుకు మారుతున్నారు?" అన్న ప్రశ్నకు వద్దాం. పాత యాజమాన్యాన్ని తిట్టడం మొదలుపెడితే ఎంత నిజమైనా అవతలివాళ్లకు వినిపించేది ఒక్కటే.. రేపు మా గురించీ ఇలాగే చెబుతాడు అని. అలాగని అబద్ధం ఆడాల్సిన పనీ లేదు. ఏం వదిలేస్తున్నారో ఒక్క మాటలో చెప్పి, ఎటు వెళ్లాలనుకుంటున్నారో, దానికోసం ఈ ఆరు నెలల్లో ఏం నేర్చుకున్నారో రెండు నిమిషాలు చెబితే సరిపోతుంది. ఏమీ నేర్చుకోకుండా "ఆసక్తి ఉంది సార్" అంటే మాత్రం ఎవరూ నమ్మరు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. అనుభవాన్ని అవతలివాళ్ల భాషలోకి మార్చడం. కైకలూరు వైపు మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేసిన కుర్రాడు బ్యాంకులో వ్యవసాయ రుణాల ఉద్యోగానికి వెళ్లాడనుకోండి. కౌంట్, ఏరియేటర్లు, డీఓ రీడింగులు అంటూ పోతే ఎదుటివాళ్లకు అర్థం కాదు. అదే "రోజుకు పదిహేను మంది రైతులను కలిసేవాణ్ణి, అరువుకి ఇచ్చిన మేత డబ్బు పంట తీశాక వసూలు చేసేవాణ్ణి, ఎవరి చెరువు దెబ్బతింటుందో ముందే పసిగట్టేవాణ్ణి" అంటే? బ్యాంకువాళ్లకు కావాల్సింది అదే కదా! ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటర్ చూసుకున్నవాళ్లకి కూడా స్టాక్ లెక్కలు, పార్ట్ నంబర్లు కొట్టిన పిండి. గోడౌన్, సప్లయ్ ఉద్యోగాల్లో అడిగేది అవే. కాకపోతే వాళ్లు దాన్ని అనుభవంగా అసలు లెక్కేసుకోరు.

ఇలాంటివి మూడు నాలుగు సంఘటనలు ముందే కాగితం మీద రాసుకోవాలి. సందర్భం ఏంటి, తన బాధ్యత ఏంటి, ఏం చేశారు, ఏమైంది.. ఈ వరుసలో. హెచ్‌ఆర్ వాళ్లు దీన్నే స్టార్ పద్ధతి అంటారు. రాసుకుని బట్టీ పట్టొద్దు, ఇంట్లో ఎవరికైనా ఒకసారి గట్టిగా చెప్పి చూడండి. ఇంగ్లిష్‌లో తడబడినా విషయం ఉంటే వింటారు, బట్టీ పట్టింది మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

"టీమ్ లీడర్ మీకంటే పదేళ్లు చిన్న.. పర్లేదా?" అని కూడా అడుగుతారు. నవ్వి ఊరుకోకుండా, జూనియర్ల దగ్గర నేర్చుకున్న సందర్భం ఏదైనా ఉంటే చెప్పాలి. జీతం విషయంలో సీటీసీని చూసి మోసపోవద్దు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిసే ఉంటుంది, చేతికి వచ్చేది ఎంతో అడగడం తప్పేమీ కాదు. ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లు కనీసం ఎంత వస్తే నెల గడుస్తుందో ముందే లెక్కేసుకుని వెళ్లాలి. గదిలో కూర్చుని లెక్కేస్తే తక్కువకే తల ఊపేస్తారు.

ఇంకో ఆశ కూడా పెడతారు జాగ్రత్త. డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లు ఉన్నారు. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబర్ ఉంటుంది, ఎక్కడ ఎన్నాళ్లు చేశారో అందులో కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో తేడా వస్తే చేరిన తర్వాత కూడా ఉద్యోగం ఊడుతుంది. పాత ఉద్యోగం అప్పటికే వదిలేసి ఉంటారు కాబట్టి రెండింటికీ చెడ్డట్టే. నిజంగా పనిచేసినా జీతం చేతికి ఇచ్చి, పీఎఫ్ కట్టని చోట చేసినవాళ్లు అదే మాట ఇంటర్వ్యూలో ముందే చెప్పేయడం మంచిది. అపాయింట్‌మెంట్ లెటర్, ఐడీ కార్డు, అప్పటి టైమ్‌టేబుల్, ఏది ఉంటే అది పట్టుకెళ్లాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పాత యాజమాన్యం దగ్గరే ఉండిపోయి ఉంటే, ఇంటర్వ్యూ తేదీ వచ్చేదాకా ఆగకుండా ఇవాళే రాతపూర్వకంగా అడగండి.