4.3 ఇంజన్ పరిమాణం, సిలిండర్ బోరింగ్, త్వరణం

ఈ భాగం చదివిన తరవాత మీరు ఇంజన్ పరిమాణాన్ని లెక్కించగలుగుతారు. బోరింగ్ చేయిస్తే కారు ఎంతవరకు చురుకవుతుందో అంచనా వేయగలుగుతారు.

4.3.1 ఇంజన్ పరిమాణం

సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోరు అనీ, పిస్టన్ కింది కొస నుంచి పై కొస వరకు కదిలే దూరాన్ని స్ట్రోకు అనీ అంటారు. ఆ కదలికలో పిస్టన్ ఆక్రమించే ఘనపరిమాణాన్ని అన్ని సిలిండర్లకూ కలిపితే ఇంజన్ పరిమాణం వస్తుంది. వాడుకలో దీన్నే 'సిసి' అంటాం.

ఇంజన్ పరిమాణం = 0.7854 × బోరు × బోరు × స్ట్రోకు × సిలిండర్ల సంఖ్య

ఉదాహరణ: 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 కారుకు మూడు సిలిండర్లు. బోరు 6.85 సెం.మీ., స్ట్రోకు 7.2 సెం.మీ.

0.7854 × 6.85 × 6.85 × 7.2 × 3 = 796 సిసి

4.3.2 బోరింగ్ ఎందుకు?

ఏళ్ల తరబడి రింగులు రాసుకోవడం వల్ల సిలిండర్ గోడ అరుగుతుంది. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ. గుండ్రని సిలిండర్ క్రమంగా కోలగా మారుతుంది. సందుల్లోంచి వాయువు కిందికి జారి సంపీడనం తగ్గుతుంది. ఆయిల్ పైకి చేరి మండి నీలిరంగు పొగ వస్తుంది. అప్పుడు గోడను సమంగా కోసి, హోనింగ్ చేసి, కాస్త పెద్ద పిస్టన్లు, రింగులు వేస్తారు.

పై కారుకు బోరును 0.5 మి.మీ. పెంచితే అది 6.9 సెం.మీ. అవుతుంది. కొత్త పరిమాణం సుమారు 808 సిసి. అంటే పెరుగుదల 1.5 శాతం మాత్రమే.

4.3.3 త్వరణంపై ప్రభావం

న్యూటన్ రెండో నియమం ప్రకారం త్వరణం = బలం ÷ ద్రవ్యరాశి. కారు 650 కిలోలు, ఒక్కో మనిషి 60 కిలోలు అనుకుందాం. మధురవాడ నుంచి నలుగురు బయలుదేరితే మొత్తం 890 కిలోలు. ఒకరు దిగితే 830 కిలోలు. బలం మారకపోయినా, ఇతర నిరోధాలను వదిలేస్తే, త్వరణం సుమారు 7 శాతం పెరుగుతుంది. బోరింగ్ వల్ల అదనంగా వచ్చిన 12 సిసి ఇచ్చేది మహా అయితే 1.5 శాతం. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బరువు ప్రభావం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ తక్కువ గేరు చక్రాల వద్ద టార్కును పెంచి ఆదుకుంటుంది.

మరి బోరింగ్ చేయించిన పాత కారు బాగా లాగుతుందని డ్రైవర్లు ఎందుకంటారు? అది పెరిగిన సిసి మహిమ కాదు. అరుగుదలతో పోగొట్టుకున్న సంపీడనం తిరిగి రావడమే కారణం. అందువల్ల అరగని ఇంజన్‌కు వేగం కోసం బోరింగ్ చేయించడం డబ్బు దండగ. పైగా గోడ పలచబడి, తరవాత నిజంగా అవసరమైనప్పుడు కోయడానికి లోహం మిగలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఇంజన్ బోరును 0.25 మి.మీ. మాత్రమే పెంచితే పరిమాణం ఎంత?
(జవాబు: సుమారు 802 సిసి)